కూపన్ చూసి మురిసిపోకు, చిన్నా

చిన్నా,

నాన్న పోర్టులో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో పది లక్షలు తీసి, ఫోన్ యాప్‌లో కనిపించిన 11 శాతం బాండులో, అంటే ఒక కంపెనీకి అప్పుగా, పెడతానన్నావట. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎఫ్‌డీని కళ్లు మూసుకుని రెన్యువల్ చేసెయ్యకుండా నువ్వే కూర్చుని లెక్కలు వేస్తున్నావంటే గర్వంగా ఉంది. కానీ పదికి పది లక్షలూ ఒకే కంపెనీలో అనేసరికి నాకు నిద్ర పట్టలేదు. ఎప్పుడు తెల్లారుతుందా అని చూసి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

చిన్న పనులు ముందు చెప్పేస్తాను. యాప్‌కి షేర్లూ బాండ్ల మార్కెట్‌ని అదుపు చేసే సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ సైట్లోనే చూడు, యాప్ చెప్పిన మాట నమ్మకు. బాండు ఐఎస్ఐఎన్, అంటే ఒక్కో బాండుకి విడిగా ఉండే గుర్తింపు నంబరు, రాసిపెట్టుకో. ఎవరి సొంత ఖాతాకీ డబ్బు పంపకు. బాండ్లు జమ అయ్యే డీమ్యాట్ ఖాతా నీకెలాగూ ఉంది.

ఇక అసలు సంగతి. మీ చినమావయ్య చేసిన తప్పు నీకెవరూ చెప్పి ఉండరు, వాడూ చెప్పుకోడు. కాగితం మీద 10.5 శాతం కూపన్ (ముఖవిలువ మీద ఏటా ఇచ్చే వడ్డీ) చూసి వెయ్యి రూపాయల ముఖవిలువున్న (గడువు తీరాక వెనక్కిచ్చేది అదే) బాండ్లు 500 కొన్నాడు. గడువు ఇంకా రెండేళ్లుంది. ధర మాత్రం వెయ్యి కాదు, 1,040. ఏటా బాండుకి 105 రూపాయలు ఖాతాలో పడుతుంటే మురిసిపోయాడు. గడువు తీరాక బాండుకి వెయ్యే వచ్చింది. 5,20,000 పెట్టినవాడికి అసలు కింద 5,00,000 చేతికొచ్చింది. కంపెనీ మోసం చేసిందని గోల పెట్టాడు. కంపెనీ ఒక్క పైసా ఎగ్గొట్టలేదు, రావలసినదంతా ఇచ్చింది. ఎక్కువ పెట్టి కొన్న 40 రూపాయలు ఏడాదికి ఇరవై చొప్పున కరిగిపోయాయి, అంతే.

కొనే ముందు వాడు వెయ్యాల్సిన లెక్క కరెంటు బిల్లు వెనక పట్టేంత చిన్నది. ఏడాది వడ్డీ 105. అందులోంచి ఏటా పోయే 20 తీసెయ్యి, 85 మిగిలింది. కొన్న ధర 1,040, చివర వచ్చేది 1,000, వాటి సగటు 1,020. ఎనభై అయిదుని 1,020తో భాగిస్తే 8.33 శాతం. కంప్యూటర్లో కచ్చితంగా కడితే 8.25 వస్తుంది. దాన్నే యీల్డ్ టు మెచ్యూరిటీ అంటారు, నీ రాబడి అదే. పైగా పన్ను పూర్తి 105 మీదా కట్టాలి, కరిగిన 40ని అందులోంచి తీసెయ్యనివ్వరు. వాడు అడుగుతాడని రెండు రోజులు ఎదురు చూశాను, అడగలేదు. నువ్వు అడుగు నాన్నా, అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యి.

ఇదే లెక్క తిరగేసి ధర కట్టొచ్చు. మూడేళ్లు మిగిలిన 9 శాతం బాండు ఉందనుకో. ఆ కంపెనీకున్న రిస్కుకి 11 శాతమైనా రాకపోతే వద్దనుకున్నావు. ఎన్నేళ్లు ఆగాలో అన్నిసార్లు 1.11తో భాగించు. ఏడాది తర్వాత వచ్చే 90 విలువ ఇవాళ్టికి 81.08, రెండో ఏడు 90 విలువ 73.05, మూడో ఏడు వడ్డీ, అసలు కలిపి వచ్చే 1,090 విలువ 797. మొత్తం 951. అంతకన్నా ఎక్కువ చెబితే నీకది ఖరీదే. ఇంకోటి, మధ్యలో కొంటే అప్పటిదాకా పెరిగిన వడ్డీ అమ్మేవాడికిచ్చుకోవాలి. వడ్డీ పడి 120 రోజులైతే 9 శాతం బాండుకి 29.59 రూపాయలు అదనం. అది కమిషన్ కాదు, తర్వాతి వడ్డీతో నీకే వస్తుంది. గడువుకి ముందే కంపెనీ వెనక్కి తీసుకునే కాల్ ఆప్షన్ ఉంటే ఆ తేదీకి కూడా యీల్డ్ కట్టి, రెండింటిలో తక్కువదే నమ్ము.

ఇప్పుడు నీ 11 శాతం. ఫిషింగ్ హార్బర్లో వంజరం సగం ధరకిస్తానంటే మొప్ప ఎత్తి చూడకుండా కొంటామా? అంతే కాలానికి గవర్నమెంటు బాండు 7 శాతం ఇస్తోందనుకో. పైన వచ్చే 4 శాతం రిస్కుకి నీకిచ్చే కూలి. పది లక్షల మీద ఏడాదికి నలభై వేలు. కంపెనీ మునిగి రూపాయికి ముప్పై పైసలే వెనక్కొస్తే పోయేది ఏడు లక్షలు. అంటే పదిహేడున్నరేళ్ల కూలి ఒక్క దెబ్బకి పోతుంది. ఆ ముప్పై పైసలు కూడా ఏళ్ల తరబడి తిరిగితే గానీ రావు. బ్యాంకు డిపాజిట్‌కి అసలూ వడ్డీ కలిపి అయిదు లక్షల దాకా బీమా ఉంది, బాండుకి ఏమీ లేదు.

రేటింగ్ ఉందంటావు, అంటే కంపెనీ అప్పు తీర్చగలదా అని ఏజెన్సీలు వేసే మార్కు. రోడ్లు, విద్యుత్తులాంటి ప్రాజెక్టులకి అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్‌ అనే పెద్ద కంపెనీకి 2018 ఆగస్టు దాకా అత్యున్నతమైన ట్రిపుల్ ఏ ఉండేది, సెప్టెంబరులో డి, అంటే బాకీ ఎగ్గొట్టిన స్థాయి, అయింది. అక్షరం చూసి ఆగిపోకు, ఆ రేటింగ్ ఎందుకిచ్చారో క్రిసిల్, ఇక్రా, కేర్ అనే రేటింగ్ ఏజెన్సీల సైట్లలో ఉండే కాగితం మొత్తం చదువు, దాని తేదీ చూడు. ఫ్యాక్టరీ నడిపే కంపెనీ అయితే నిర్వహణ లాభం (వడ్డీ, పన్ను కట్టకముందు వచ్చేది) కట్టాల్సిన వడ్డీకి ఎన్ని రెట్లుందో చూడు. రెండు రెట్ల కన్నా తక్కువైతే నేను ముట్టుకోను. అప్పులిచ్చే కంపెనీకి ఆ కొలత పనికిరాదు. దానికి మొండి బాకీలెంత, పదేళ్లకి అప్పులిస్తూ ఆరు నెలలకి తెచ్చుకుంటోందా అన్నది చూడాలి. అలా చేసేవాళ్లకి బయట అప్పు పుట్టనినాడే పీకలమీదికొస్తుంది. సెక్యూర్డ్ అని రాసి ఉంటే తాకట్టు ఏమిటి, దాని విలువ అప్పుకి ఎన్ని రెట్లు అని కూడా చూడు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది వేరే ఉంది. సంక్రాంతి వెళ్లాక అమ్మ మోకాలి ఆపరేషన్. ఈ బాండ్లు షేర్లలా అమ్ముడుపోవు. ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈల్లో ఆ ఐఎస్ఐఎన్ కొట్టి మూడు నెలల్లో ఎన్ని రోజులు చేతులు మారిందో చూడు. నాలుగైదు రోజులే అయితే, ఆసుపత్రిలో డబ్బు కట్టమన్న రోజున నీ బాండు కొనేవాడుండడు. ఆపరేషన్ డబ్బూ, ఏడాది ఇంటి ఖర్చూ ముందే విడిగా తీసి ఎఫ్‌డీలో ఉంచు. మిగిలినదాంట్లో బాండ్లకి మూడు లక్షలు దాటనివ్వకు. ఆ మూడూ కనీసం అయిదు కంపెనీలకి పంచు, అవి ఒకే గ్రూపువి కాకూడదు. గ్రూపులో ఒకటి మునిగితే మిగతావాటికీ అప్పు పుట్టదు.

ఆదివారం పొద్దున్నే ఎంవీపీ కాలనీకి వచ్చెయ్, రైతుబజార్ నుంచి వచ్చాక కూర్చుందాం. ఆ బాండు వివరాలన్నీ రాసి ఉండే ఇన్ఫర్మేషన్ మెమొరాండం ప్రింటు తీసుకురా, ఫోన్లో నాకు అక్షరాలు ఆనవు. అప్పటిదాకా ఆ యాప్‌లో ఏదీ నొక్కకు. ఆఫర్ ఈ రాత్రితో అయిపోతుందని మెసేజ్ వస్తే రానీ. నీకిష్టమని పనసపొట్టు కూర చేసి ఉంచుతాను.

మీ పెద్దమ్మ