భారతీయ ఐటీ సేవల సంస్థలు ఐబీఎం, యాక్సెంచర్‌లకు పోటీగా ఎలా ఎదిగాయి? రూపాయి చవకే కారణమా?

మీరు రెండు విషయాలు అడిగారు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో వంటి సంస్థలు ఐబీఎం, యాక్సెంచర్‌లతో తలపడే స్థాయికి రావడానికి డాలరుకూ రూపాయికీ ఉన్న తేడా ఒక్కటే కారణమా అన్నది మొదటిది. నల్లగొండలో బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్న మీ తమ్ముడు ఇప్పుడు వాటిలో చేరవచ్చా అన్నది రెండోది. దేవరకొండ పక్క పల్లెలో పుట్టి, నల్లగొండలో డిగ్రీ, హైదరాబాదులో ఎంసీఏ చదివి, 2000 తరువాతి కాలం నుంచి ఈ సేవల రంగంలోనే ఉన్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత మేరకు చెబుతాను. రూపాయి చవక కావడం వల్ల మనవాళ్లకు పని దొరికిన మాట నిజమే. కానీ పోటీదారులుగా నిలబడింది మాత్రం పని పట్టే పద్ధతి మారినందువల్లనే.

ఈ తేడాను మన ప్రాంతంవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. పాలమూరు, దేవరకొండ వైపు నుంచి గుంపు మేస్త్రీల వెంట ప్రాజెక్టు పనులకు వలసపోయిన కుటుంబాల్లో, రోజుకూలికి మనుషులను పంపడం వేరనీ, కాలువ ఇంత దూరం తవ్వి అప్పగిస్తామని గుత్తకు పట్టడం వేరనీ పిల్లలకు కూడా తెలుసు. కూలికి పోయినచోట పని సాగకపోతే నష్టం చేయించుకునేవాడిది. గుత్తకు పట్టినచోట నేల రాయిగా తేలితే నష్టం పట్టినవాడిది, త్వరగా ముగిస్తే మిగులు కూడా వాడిదే. భారతీయ ఐటీ మొదటి పాతికేళ్లు చాలావరకు కూలి పద్ధతిలోనే గడిచాయి.

1968లో మొదలైన టీసీఎస్, 1974లో బరోస్ అనే అమెరికా సంస్థ కంప్యూటర్లకు సంబంధించిన పనితో సాఫ్ట్‌వేర్ ఎగుమతిలోకి దిగింది. విదేశీ కంపెనీల వాటాపై అప్పటి ప్రభుత్వం పెట్టిన పరిమితికి ఒప్పుకోక ఐబీఎం 1978లో దేశం విడిచిపోయింది. మనవాళ్లను విమానమెక్కించి అక్కడి ఆఫీసుల్లో కూర్చోబెట్టి, గంటల లెక్కన బిల్లు వేయడమే ఆనాటి వ్యాపారం. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో కేంద్రం తెరిచి ఉపగ్రహ లింకు ద్వారా పని నడిపి చూపించింది. 1991లో ఏర్పడిన సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల వ్యవస్థ ఆ సౌకర్యాన్ని చిన్న కంపెనీలకూ అందుబాటులోకి తెచ్చింది. 2000 సంవత్సరపు తేదీ సమస్య, అంటే వైటూకే, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాములను వరుసలు వరుసలుగా దిద్దే పనిని తెచ్చిపెట్టింది. ఆ పనికి పెద్ద ప్రతిభ అక్కరలేదని వెక్కిరించినవారున్నారు గానీ, ఆ దిద్దుబాటు పేరుతో అమెరికా బ్యాంకుల, బీమా సంస్థల లోపలి వ్యవస్థలు మనవాళ్లకు కంఠతా వచ్చేశాయన్నది వారు గమనించలేదు.

అక్కడి పనిని ఇక్కడికి తెచ్చుకునే బదిలీల్లో నేను పాల్గొన్న తొలి పెద్దది ఒక అమెరికా బీమా సంస్థది. దాని పాలసీల లెక్కలన్నీ మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటరుపై రాత్రిపూట బ్యాచ్ జాబులుగా, అంటే ఒకదాని తరువాత ఒకటి వరుసగా నడిచే ప్రోగ్రాములుగా సాగేవి. ఏ జాబు తరువాత ఏది నడవాలో షెడ్యూలులో ఉండేది గానీ, నెలాఖరున కమిషన్ల జాబును చేత్తో ఆపి, ప్రీమియం ఫైలు సరిచూసుకుని, మళ్లీ ఎందుకు వదలాలో రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక పెద్దాయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన పక్కన కూర్చుని, జాబు మధ్యలో ఆగిపోతే ఏ స్టెప్పు నుంచి మళ్లీ నడపాలి, ఏ ఫైలును ముట్టుకోకూడదు, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవన్నీ అడిగి రన్‌బుక్ అనే సూచనల పుస్తకంలోకి ఎక్కించేవాళ్లం. ఆ తరువాత రివర్స్ కేటీ ఉంటుంది. అంటే నేర్చుకున్నదంతా మేమే ఆయనకు తిరిగి వివరించాలి, సరిపోయిందని ఆయన ఒప్పుకుంటేనే పని హైదరాబాదుకు వస్తుంది. మాకు పని వచ్చినకొద్దీ ఆయన ఉద్యోగానికి గడువు దగ్గరపడుతుందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. అయినా ఒక్క ప్రశ్నకు కూడా విసుక్కోకుండా జవాబు చెప్పారు.

పని ఇటు వచ్చాక వాళ్ల రాత్రి మాకు పగలైంది. అక్కడ నిద్రలేపి పిలిపించవలసిన మనిషి ఇక్కడ మెలకువగా సీట్లోనే ఉండేవాడు. మరీ ముఖ్యమైనది ఒప్పందం తీరు. తెల్లవారేసరికి ఫలానా ఫైళ్లు సిద్ధంగా లేకపోతే బిల్లులో కోత పడేది, అదే పనిని ఏటేటా ఇంకాస్త తక్కువ ధరకు చేస్తామని ముందే రాసిచ్చేవాళ్లం. అంటే ఇది గుత్త. పదే పదే ఆగిపోయే జాబును ఎన్నిసార్లు లేపి నడిపినా మాకు అదనంగా రూపాయి రాదు కాబట్టి, దాని మూలకారణం వెతికి శాశ్వతంగా సరిచేయడం మా అవసరమైపోయింది. గంటల లెక్కన బిల్లు వేసే రోజుల్లో ఆ అవసరం ఎవరికీ ఉండేది కాదు.

పోటీ బహిరంగమైన సందర్భంగా నేను 2005 నాటి ఏబీఎన్ ఆమ్రో ఒప్పందాన్ని చెబుతాను. అంతకుముందు పెద్ద బ్యాంకులు పదేళ్ల పనినంతా గంపగుత్తగా ఒకే అమెరికా సంస్థకు అప్పగించేవి. ఈ డచ్చి బ్యాంకు మాత్రం సుమారు 180 కోట్ల యూరోల పనిని ముక్కలు చేసి, సర్వర్లు, నెట్‌వర్కుల వంటి పెద్ద భాగాన్ని ఐబీఎంకు ఇచ్చినా, అప్లికేషన్ల నిర్వహణలో టీసీఎస్‌కూ ఇన్ఫోసిస్‌కూ ప్రధాన వాటా ఇచ్చింది. ముక్కలు కాకపోయి ఉంటే అంత పెద్ద టెండరులో మనవాళ్ల పేర్లు కనిపించేవి కావేమో.

అవతలివాళ్లూ ఊరుకోలేదు. ఐబీఎం 2004లో దక్ష్ అనే ఇక్కడి కాల్‌సెంటర్ సంస్థను కొని, 2006లో మూడేళ్లలో 600 కోట్ల డాలర్లు భారతదేశంలో పెడతామని బెంగళూరులో ప్రకటించింది. యాక్సెంచర్‌కు ఇప్పుడు ఇక్కడే 3 లక్షలకు పైగా ఉద్యోగులున్నారు. రూపాయి చవకే సర్వస్వమైతే, వాళ్లు కూడా మన గల్లీలోనే మనుషులను తీసుకోవడం మొదలుపెట్టిన రోజుతో మన సంస్థల పని ముగిసిపోవాలి. అలా జరగలేదు. టీసీఎస్ ఏడాది ఆదాయం 1,000 కోట్ల డాలర్లు దాటింది ఆ తరువాతనే. నిర్వహణ లాభం ఆ సంస్థకు ఆదాయంలో పాతిక శాతం చుట్టూ ఉంటే, యాక్సెంచర్‌కు 15 శాతం చుట్టూ ఉంటుంది. ఒకనాటి అమెరికా ఐటీ సేవల దిగ్గజం ఈడీఎస్‌ను 2008లో హెచ్‌పీ కొనేసింది. ఐబీఎం తన మౌలిక సేవల విభాగాన్ని 2021లో కిండ్రిల్ పేరుతో విడగొట్టింది.

మన హైదరాబాదు సంస్థ సత్యం సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. 2009 జనవరి 7న లెక్కల మోసం బయటపడినప్పుడు, భారతీయ సంస్థల మాటను ఎవరైనా నమ్ముతారా అని ఈ రంగంలోని ప్రతి ఇంట్లోనూ చర్చ జరిగింది. ప్రభుత్వం వెంటనే కొత్త బోర్డును వేయడం, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనడం, అన్నిటికంటే మించి ఆ గందరగోళంలోనూ లోపలి ఇంజనీర్లు ఖాతాదారుల వ్యవస్థలు ఆగకుండా నడపడం దాన్ని నిలబెట్టాయి.

లోపం ఎక్కడంటే, ఆదాయం పెరగాలంటే మనుషులు పెరగాలన్న లెక్క నుంచి ఈ సంస్థలు పూర్తిగా బయటపడలేదు. ఇన్ఫోసిస్‌కు ఫినకిల్, టీసీఎస్‌కు బ్యాంక్స్ (BaNCS) వంటి బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ ఉత్పత్తులు ఉన్నా మొత్తం వ్యాపారంలో వాటి వంతు చిన్నది. ఇప్పుడు విదేశీ బ్యాంకులు, మందుల కంపెనీలు హైదరాబాదులో సొంత కేంద్రాలు పెట్టి, మనం గుత్తకు పట్టిన పనినే నేరుగా చేయించుకుంటున్నాయి. ప్రోగ్రాము రాసే కృత్రిమ మేధ రావడంతో మనుషుల సంఖ్యను బట్టి ధర కట్టడం ఇంకా కష్టమవుతోంది. నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద తప్పు కొత్తవారి జీతం. పదిహేనేళ్ల కిందట ఏడాదికి 3 లక్షల చిల్లర ఉన్నది నేటికీ దాదాపు అక్కడే ఉంది.

ఇక మీ తమ్ముడి విషయం. ఆఫర్ వస్తే చేరమనండి, కానీ చేతికి జాయినింగ్ తేదీ వచ్చేదాకా మిగతా ప్రయత్నాలు ఆపవద్దనండి. నా దగ్గరి బంధువుల అబ్బాయికి ఒక సంస్థ ఆఫర్ లెటర్ ఇచ్చి ఏడాది దాటినా పిలవలేదు. 2023లో మొదలైన నల్లగొండ ఐటీ టవర్‌లో ఏ కంపెనీలు తీసుకుంటున్నాయో కూడా ఒకసారి వెళ్లి కనుక్కోమనండి, హాస్టల్ ఖర్చు మిగులుతుంది. శిక్షణ ముగిశాక ప్రాజెక్టు ఇచ్చేటప్పుడు టెస్టింగా, సపోర్టా, డెవలప్‌మెంటా అన్న పేరు చూసి బెంగపడడం కంటే, ఆ ప్రాజెక్టు ఏ వ్యాపారానికి చెందినదో అడగడం మేలు. బ్యాంకు చెల్లింపులు, బీమా క్లెయిములు, ఆసుపత్రుల బిల్లింగు వంటివాటిలో రెండు మూడేళ్లు ఉంటే, ఆ వ్యవహారం తెలిసినవారి కోసం పైన చెప్పిన సొంత కేంద్రాలే వెతుక్కుంటూ వస్తాయి. మా టీము నుంచి గత కొన్నేళ్లలో వెళ్లినవారిలో ఎక్కువమంది చేరింది వాటిలోనే.