అమ్మ వేసిన మార్కులు

బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక అమ్మాయి రాసింది. వయసు 38. పుట్టి పెరిగింది చెన్నై పశ్చిమ మాంబళంలో. నిరుడు తండ్రి పోయాక తల్లిని తన దగ్గరికి తెచ్చుకుంది. 64 ఏళ్ల ఆ తల్లి ఇప్పుడు పొద్దస్తమానం ప్రేమ నవలలు, సస్పెన్స్ నవలలు చదువుతోందట. చదివిన ప్రతిదాని మీదా మనవడి పాత నోటుబుక్కులో అభిప్రాయం రాసి పదికి మార్కులు వేస్తోందట. సాయంత్రం కింద పార్కులో నలుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని అవే చెబుతోందట. అల్లుడు నవ్వుతున్నాడట. "ఈ వయసులో ఇవి మనసు పాడుచేయవా? మాన్పించి భక్తి పుస్తకాల వైపు మళ్లించాలంటే ఏవి కొనాలి?" అని అడిగింది.

అమ్మా, పాడుచేయవు. 40 ఏళ్లు సంసారం చూసిన మనసును చెడగొట్టే శక్తి ఏ నవలకూ లేదు. భక్తి పుస్తకాలు కావాలనుకుంటే ఆవిడే అడుగుతారు. మీ వారు నవ్వితే నవ్వనివ్వండి. మీ ప్రశ్నకు జవాబు అయిపోయింది.

ఇక ఉత్తరం సంగతి. నోటుబుక్కు తల్లికి తెలియకుండా తీసి చూశానని రాశారు. మీకు స్కూల్లో రెండో భాష తమిళం కావడంతో అమ్మ రాతను కూడబలుక్కుని చదవాల్సి వచ్చిందని కూడా రాశారు. ఆ కష్టం పడి మీరు ఎత్తిరాసిన అభిప్రాయాల కోసమే నేను ఉత్తరం రెండోసారి చదివాను. ఒక ప్రేమ నవల మీద: "హీరోకు పొగరు తప్ప ఉద్యోగం లేదు. కారు ఎవరు కొనిచ్చారో చెప్పలేదు. నాలుగు." ఒక సస్పెన్స్ నవల మీద: "హంతకుడు తోటమాలి అని ముప్పయ్యో పేజీలోనే తెలిసిపోయింది. వాన కురుస్తుంటే మొక్కలకు నీళ్లు పోసే తోటమాలి ఎక్కడైనా ఉంటాడా? రెండు." పత్రికల్లో పుస్తక సమీక్షలు రాసేవాళ్లు ఈవిడ దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

మూడోది: "ఇందులో భర్త, ఈ పూట నీకేం తినాలని ఉంది అని అడుగుతాడు. 40 ఏళ్లలో నన్నెవరూ అడగలేదు. పది."

ఆ రాత్రి మీకు నిద్ర పట్టలేదు. "నాన్న లేనప్పుడు నాన్న పరువు తీసింది" అని రాశారు. అంతకుముందు ఆరు నెలల పాటు ఈ నవలలు తెప్పించి ఇచ్చింది ఎవరు? మీరే. అప్పుడు చెడ్డవి కాని పుస్తకాలు ఆ ఒక్క వాక్యం చదివాక చెడ్డవైపోయాయి. తల్లి చదువుతున్నందుకు కాదు, తండ్రి గురించి రాసినందుకు మీకు కోపం.

నాన్నగారి గురించి మీరు ప్రేమగా రాశారు. ప్రతి జనవరిలో మౌంట్ రోడ్డులో ఖాయిదే మిల్లత్ కాలేజీ ఆవరణలో జరిగే పుస్తక ప్రదర్శనకు తీసుకెళ్లి, చేతికి అందిన ఇంగ్లీషు డిటెక్టివ్ కథలన్నీ కొనిచ్చేవారన్నారు. "అమ్మ సంచులు పట్టుకుని గేటు దగ్గర నిలబడేది" అన్నది కూడా మీ మాటే. మరో పేజీలో, వేరే సందర్భంలో, "నాన్న కాస్త పట్టుదల మనిషి, తెలుగు నవల ఇంట్లో కనిపిస్తే ఒప్పుకునేవారు కాదు" అని రాశారు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి. కూతురికి హంతకుల కథలు కొనిపెట్టిన మనిషే భార్య చేతిలో నవల ఉంటే సహించలేదు. మీకు మంచి తండ్రే, కాదనను. కానీ మీ అమ్మ కాపురం చేసింది మీ నాన్నతో కాదమ్మా, తన భర్తతో.

ఆయన ఒక్కరే అలా ఉన్నారని కాదు. ఆ రోజుల్లో నవల అంటే సంసారాలు చెడగొట్టేది అనుకున్న ఇళ్లు చాలానే ఉండేవి. అయినా ఆడవాళ్లు చదివారు. ఆడవాళ్ల నవలలు ఎంతగా అమ్ముడుపోయేవంటే మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాశారు. మీ అమ్మగారి నోటుబుక్కు మొదటి పేజీలో ఉన్నది 'సెక్రటరీ' అని రాశారు. యద్దనపూడి సులోచనారాణి 1960ల్లో రాసిన ఆ నవల 1976లో సినిమాగా వచ్చేనాటికి మీ అమ్మకు 15 ఏళ్లు. ఆ వయసులో నేనూ మాంబళంలో అద్దె పుస్తకాల షాపు చుట్టూ తిరిగినదాన్నే. సస్పెన్స్ నవల తెచ్చుకుంటే ఎవడో పుణ్యాత్ముడు మొదటి పేజీలోనే "డాక్టరే చంపాడు" అని పెన్సిలుతో రాసిపెట్టేవాడు. ప్రేమ నవలల చివరి పేజీలో మాత్రం వరసగా అభిప్రాయాలుండేవి. కొన్నిటి కింద జవాబులు, వాటి కింద తగాదాలు. మా అమ్మ బియ్యం డబ్బాలో దాచుకుని చదివేది. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అట్ట మధ్య నుంచి రెండు గింజలు రాలేవి, షాపాయన ఏమీ అనేవాడు కాదు. మీ అమ్మ ఎక్కడ దాచుకునేదో ఎప్పుడైనా అడిగారా?

ఆవిడ 40 ఏళ్ల తరవాత ఒక్క వాక్యం రాసుకుంది. అదీ మీరు సరిగా చదవలేరనుకున్న లిపిలో, ఎవరికీ చూపించకుండా. పార్కులో ఆడవాళ్లకు తోటమాలి కథ చెప్పింది కానీ ఇది చెప్పలేదు. పరువు తీయడం ఇలా ఉంటుందా? భర్త పోయినంత మాత్రాన భార్య ఆయన్ని గురించి నిజం మాట్లాడే హక్కు పోగొట్టుకోదని నేను గట్టిగా నమ్ముతాను. ఎవరేమనుకున్నా సరే. నాన్నగారి తరఫున మీరు వకాల్తా పుచ్చుకోకండి. ఆయన ఆ నోటుబుక్కు చదవరు.

ఇంకో మాట. ఆవిడ "ఆయన అడగలేదు" అని రాయలేదు. "ఎవరూ అడగలేదు" అని రాసింది. తెలుగు కూడబలుక్కుని చదివారు కాబట్టి మీకు తట్టి ఉండదు, లేదా తట్టే నిద్ర పట్టలేదేమో. ఆ "ఎవరూ"లో మీరూ ఉన్నారు. పెళ్లయ్యేదాకా ఆవిడ చేతి వంటే తిన్నారు కదా.

అలాగని ఈ రాత్రే వెళ్లి "అమ్మా, నీకేం తినాలని ఉంది" అని అడగకండి. నోటుబుక్కు చూశారని ఇట్టే పట్టేస్తుంది. వానలో నీళ్లు పోసిన తోటమాలిని పట్టుకున్న మనిషి, కన్నకూతురిని పట్టుకోవడం ఎంతసేపు?

ఒక పని చేయండి. ఈ జవాబు అచ్చయ్యాక చదవడానికి మీకు ఎలాగూ గంట పడుతుంది. పత్రిక తీసుకెళ్లి అమ్మ చేతికిచ్చి, పైకి చదవమనండి. మీరు దొంగచాటుగా చదివారని మొదట్లోనే తెలిసిపోతుంది. తెలియనివ్వండి, లేచి వెళ్లిపోకుండా పక్కనే కూర్చోండి. చివరిదాకా చదివాక ఆవిడ నాకెన్ని మార్కులు వేశారో మాత్రం తప్పకుండా రాయండి.