షిప్పులో పళ్ళ డాక్టర్ ఉండరు, అమ్మలు నొప్పి బయటికి చెప్పరు

మీరు అడిగింది ఇది: "జులైలో అమ్మానాన్నల్ని తీసుకుని సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్‌కి వెళ్తున్నాం. వాళ్ళు నెల్లూరు నుంచి వస్తారు. అమ్మకి దవడ పన్ను ఒకటి అప్పుడప్పుడు సలుపుతోందట, అడిగితే పెద్దగా ఏం లేదు అంటోంది. షిప్పులో డెంటిస్ట్ ఉంటారా? లేకపోతే అక్కడే చూపించి రమ్మనాలా?"

ఉండరు. మూడు నాలుగు వేల మంది ఎక్కే షిప్పులో థియేటర్ ఉంటుంది, క్యాసినో ఉంటుంది, పన్ను చూసే మనిషి మాత్రం ఉండరు. కింది అంతస్తులో మెడికల్ సెంటర్ ఉంటుంది, అందులో డాక్టరూ నర్సులూ రాత్రీ పగలూ అందుబాటులో ఉంటారు, గుండెనొప్పి వచ్చినా కాలు విరిగినా తొలి వైద్యం బాగానే చేస్తారు. పన్ను విషయంలో వాళ్ళు చేయగలిగింది నొప్పి తగ్గడానికి మాత్రలు, చిగురు వాచి ఉంటే యాంటీబయాటిక్, అంతవరకే. చూసినందుకే వంద డాలర్లు దాటుతుంది, అది మీ రూమ్ ఖాతాలో రాసేస్తారు, ఇన్సూరెన్స్ వాళ్ళని మీరు తర్వాత అడుక్కోవాలి.

కాబట్టి అక్కడే చూపించి రమ్మనండి. ఇంకో మాట, "పెద్దగా ఏం లేదు" అన్న మాటని దయచేసి నమ్మకండి. అరవై దాటిన మన అమ్మల్లో ఎవరైనా నొప్పి లేదు అంటే నేను నమ్మను, అది మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మాది రాజమండ్రి, ఇప్పుడు రెడ్మండ్‌లో ఉంటున్నాం. పోయిన వేసవిలో అమ్మ వచ్చింది. నాన్న పోయాక తను ఎక్కడికీ కదలడం లేదని మా ఆయనే పట్టుబట్టి అలాస్కా టికెట్లు తీశారు. రాకముందే నేను ఫోన్లో పళ్ళు చూపించుకోమన్నాను, అమ్మ వెళ్ళింది కూడా. ఆ డాక్టర్ గారు ఎక్స్‌రే తీయకుండా, పిప్పి పన్ను పైన మందు పెట్టి మూసేసి, "అమెరికా నుంచి వచ్చాక చూద్దాం లెండమ్మా, ఇప్పుడెందుకు" అని పంపించేశారట. ఈ ధోరణి మీద నాకు చాలా కోపం ఉంది. ఆవిడ ఇరవై గంటలకి పైగా విమానంలో కూర్చోబోతోందని, ఆ తర్వాత సముద్రం మీదికి వెళ్తోందని తెలిసి కూడా లోపల ఏముందో చూడకుండా పైన మూత పెట్టి పంపడం ఏం వైద్యం? విమానంలో క్యాబిన్ గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. పన్ను లోపల చీము గానీ, సరిగ్గా కూర్చోని ఫిల్లింగ్ గానీ ఉంటే ఆ తేడాకే నొప్పి లేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పైలట్లకే ఇది బాగా తెలిసిన బాధ.

షిప్పు సియాటిల్ వదిలిన మొదట్లో అమ్మ బాగానే ఉన్నట్టు కనిపించింది. ఎండికాట్ ఆర్మ్ అని ఒక సన్నటి సముద్రపు పాయ ఉంటుంది, రెండు పక్కలా నిలువు కొండలు, చివర డావ్స్ గ్లేసియర్. నీళ్ళలో నీలం రంగు మంచుగడ్డలు తేలుతుంటే షిప్పు మెల్లగా లోపలికి పోతుంది. అందరూ పై డెక్ మీద ఫోటోలు తీసుకుంటున్నారు. అమ్మ శాలువా చెంపకి చుట్టుకుని రెయిలింగ్ దగ్గర నిలబడింది. వెయిటర్ పొగలు కక్కే కాఫీ కప్పు అందిస్తే తీసుకుని, తాగకుండా అలాగే చేతిలో పట్టుకుని ఉంది. మా అమ్మ, రోజుకి నాలుగుసార్లు చేతికి చురుక్కుమనేంత వేడి కాఫీ తాగే మనిషి, అది చల్లారేదాకా పట్టుకుని పక్కన పెట్టేసింది. దగ్గరికి వెళ్తే లవంగం వాసన.

ఆ రాత్రి నాకు గలగలమని చప్పుడు వినిపించి మెలకువ వచ్చింది. బాత్రూమ్ లైట్ వెలుగుతోంది, తలుపు ఓరగా ఉంది. అమ్మ కమోడ్ మూత మీద కూర్చుని, ఒళ్ళో ఐస్ బకెట్ పెట్టుకుని, ఒక్కొక్క ముక్క బుగ్గన పెట్టుకుంటోంది. అది కరిగిపోగానే మొహం చిట్లించి ఇంకోటి తీస్తోంది. పడుకుంటే పోటు ఎక్కువవుతోందట, అందుకని కూర్చునే ఉందట. "ఎప్పట్నించి అమ్మా?" అంటే, "ఇప్పుడే తల్లీ, నువ్వు పడుకో. అల్లుడుగారు అంత డబ్బు పోసి తీసుకొచ్చారు, లేపకు ఆయన్ని" అంది. తనకి షుగర్ ఉంది, నాకు గుండె జారిపోయింది.

వెంటనే మెడికల్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. డాక్టర్ దక్షిణాఫ్రికా ఆయన, చాలా మర్యాదస్తుడు. చిన్న అద్దం పిడితో పన్ను మీద తట్టగానే అమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. ఆయన నేను డెంటిస్ట్‌ని కాదు అని ముందే చెప్పి, మందులన్నీ అడిగి రాసుకుని, షుగర్ చూసి, నొప్పికి మాత్రలిచ్చి, "పొద్దున్న జూనోలో దిగుతాం, అక్కడ చూపించండి, స్కాగ్వే దాకా ఆగొద్దు" అన్నారు. ఆ మాట బంగారం లాంటిది. జూనో అలాస్కా రాజధాని, దానికి బయటి నుంచి రోడ్డు లేదు గానీ ముప్పై వేలు దాటిన జనం ఉన్న ఊరు, పళ్ళ క్లినిక్‌లు ఉన్నాయి, పెద్ద ఆసుపత్రి ఉంది. స్కాగ్వే పల్లెటూరంత ఉంటుంది, అక్కడ చిన్న క్లినిక్ తప్ప ఆసుపత్రి లేదు. మీ షిప్పు ఏ ఊళ్ళో ఏ రోజు ఆగుతుందో చూసుకోండి, ఆదివారం పడిందంటే జూనోలో అయినా తలుపు తెరిచేవాళ్ళని వెతుక్కోవాల్సి వస్తుంది.

పొద్దున్నే మా ఆయన వరసగా ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. కొత్త పేషెంట్లని తీసుకోవడం లేదు అన్నవాళ్ళే ఎక్కువ. "క్రూయిజ్ మీద వచ్చాం, సాయంత్రానికి షిప్పు వెళ్ళిపోతుంది, షుగర్ ఉన్న పెద్దావిడ" అని ఒకే ఊపిరిలో చెప్తే ఒక చోట రమ్మన్నారు. ముందే బుక్ చేసుకున్న హెలికాప్టర్ టూర్ రద్దు చేసుకున్నాం, డబ్బు సగం పోయింది, పోతే పోయింది.

ఆ డెంటిస్ట్ చిన్న వయసు అమ్మాయి. నేను మధ్యలో తెలుగు, ఇంగ్లీషు చెప్తున్నాను. "ఈ నొప్పి ఎప్పటి నుంచి?" అని అడిగింది. మా అమ్మ తడుముకోకుండా నాతో, "ఉగాది నుంచి ఉందని చెప్పమ్మా. మొదట్లో జివ్వుమనేది, ఇప్పుడు రాత్రిళ్ళు పోటు" అంది. ఉగాది నుంచి! రోజూ వీడియో కాల్‌లో నాతో మాట్లాడుతూ నాకు చెప్పని మాట, ముక్కూ మొహం తెలియని అలాస్కా పిల్లకి చెప్పింది. నాకు అక్కడే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పి చెప్తే మనం ప్రయాణం మానేస్తామని, ఖర్చవుతుందని, అల్లుడి ముందు చులకన అవుతామని వాళ్ళ భయం. ముప్పై ఏళ్ళు అందరికీ వడ్డించి చివర తిన్న మనుషులు, తమ నోట్లో ఉన్న పన్ను కూడా చివరికే పెట్టుకుంటారు.

వేడి తగిలితే ప్రాణం పోయేలా ఉండి, చల్లటి నీళ్ళు పట్టుకుంటే హాయిగా ఉంటోందంటే లోపల నరం చచ్చిపోయే దశకి వచ్చిందని ఆ డాక్టర్ చెప్పింది. ఎక్స్‌రేలో పాత ఫిల్లింగ్ కింద అంతా నల్లగా తినేసి ఉంది. మత్తు ఇచ్చి, పన్ను తెరిచి, పాడైన నరం తీసి, లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూసింది. మత్తు వదిలాక కూడా పోటు మళ్ళీ రాలేదు. ఐదారువందల డాలర్లయింది, సాయంత్రానికి షిప్పులో ఉన్నాం, అమ్మ గోరువెచ్చటి సూప్ తాగి తెల్లారేదాకా నిద్రపోయింది. మిగిలిన రూట్ కెనాల్, క్యాప్ రాజమండ్రి వెళ్ళాక, ఈసారి వేరే డాక్టర్ దగ్గర చేయించుకుంది.

ఇన్సూరెన్స్ సంగతి కూడా చెప్పాలి. విజిటర్ పాలసీ కొన్నాం, అందులో హఠాత్తుగా వచ్చిన పంటి నొప్పికి ఇంత అని రాసి ఉంది. క్లెయిమ్ పెడితే క్లినిక్ కాగితాలు అడిగారు, అందులో "మార్చి నుంచి నొప్పి" అని ఉంది కదా, అది ముందు నుంచి ఉన్న జబ్బు అని ఒక్క డాలర్ ఇవ్వలేదు. పాలసీలో ఆ షరతు చిన్న అక్షరాల్లో నిజంగానే ఉంది. అందుకే చెప్తున్నాను, ఈ పాలసీలు పన్ను విరిగితేనో హఠాత్తుగా నొప్పి లేస్తేనో కొద్దిగా ఇస్తాయి, అప్పటికే పిప్పి పన్ను నోట్లో పెట్టుకుని వస్తే వాటిని నమ్ముకోకండి. ఆ డబ్బే నెల్లూరులో పెడితే పని మొత్తం పూర్తయిపోతుంది. అమెరికాలో ఒక దవడ పన్నుకి రూట్ కెనాల్, క్యాప్ కలిపితే రెండు వేల డాలర్లు దాటడం మామూలు.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. నొప్పి ఉందా అని అడగడం మానేసి, నోరంతా ఎక్స్‌రే తీయించమనండి. పక్కన మీ నాన్నగారినో తమ్ముడినో పంపించి, డాక్టర్‌తో మీరే ఫోన్లో మాట్లాడండి. రూట్ కెనాల్ అంటే ఒకటి రెండు సిట్టింగులు, ఆ పైన క్యాప్ కొలత తీసి వచ్చేదాకా వారం పది రోజులు, మళ్ళీ కొరికినప్పుడు ఎత్తుగా తగిలితే సరిచేయాలి, కాబట్టి ప్రయాణానికి రెండు నెలల ముందు మొదలుపెడితేనే నిదానంగా అవుతుంది. పీకాల్సి వస్తే కనీసం రెండు వారాల ముందు పీకించండి, ఎందుకంటే పీకిన చోట గడ్డకట్టిన రక్తం ఊడిపోతే మూడో రోజుకి అసలు నొప్పికంటే ఘోరమైన నొప్పి వస్తుంది, అది విమానంలో పడకూడదు. గుండెకి రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, పన్ను కోసం వాటిని సొంతంగా ఆపొద్దు, ఆ మందు రాసిన డాక్టర్‌నే అడగండి.

మాత్రల గురించి ఒక మాట. మనవాళ్ళు పన్ను నొప్పి అనగానే మందుల షాపులో అమాక్సిసిలిన్ కొనుక్కుని మింగేస్తారు. నరం నొప్పికి అది పనిచేయదు, వాపూ జ్వరమూ ఉంటేనే దాని అవసరం, అప్పుడు కూడా లోపలి పన్ను బాగుచేయకపోతే నొప్పి తిరిగొస్తుంది. పంటి నొప్పికి ఐబుప్రొఫెన్, పారాసెటమాల్ కలిపి వేసుకోవడమే మేలని డెంటిస్టులు చెప్తారు, మన కాంబిఫ్లామ్‌లో ఉన్నవి ఆ రెండే. కిడ్నీ, అల్సర్, బీపీ ఉన్నవాళ్ళకి మాత్రం డాక్టర్‌ని అడగకుండా ఇవ్వొద్దు. మాత్రలేవైనా డాక్టర్ రాసిన చిట్టీతో సహా, స్ట్రిప్పుల్లోనే తెచ్చుకోమనండి. లవంగ నూనె పనిచేస్తుంది, అందులోని యూజినాల్‌నే డెంటిస్టులు టెంపరరీ ఫిల్లింగ్‌లో కలుపుతారు, కాకపోతే దూదికి ఒక చుక్క చాలు, ఎక్కువైతే చిగురు కాలుతుంది. ఆస్ప్రిన్ మాత్ర పన్ను పక్కన నొక్కిపెట్టుకోవడం మాత్రం చేయనివ్వొద్దు, పుండు పడుతుంది. ఊడిన ఫిల్లింగ్ మీద పెట్టుకునే తాత్కాలిక సిమెంట్ ఇక్కడి ఫార్మసీల్లో చిట్టీ లేకుండానే దొరుకుతుంది, ఒక డబ్బీ బ్యాగులో వేసుకోండి. దవడ వాచి గొంతు వైపు దిగుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా మాత్రలతో కాలయాపన చేయకండి, అది నేరుగా ఆసుపత్రికి వెళ్ళాల్సిన పరిస్థితి.

మీరు అడగలేదు గానీ, సియాటిల్ నుంచి వెళ్ళే షిప్పులు దాదాపు అన్నీ కెనడాలోని విక్టోరియాలో ఆగుతాయి. విదేశీ జెండా ఉన్న షిప్పు అమెరికా ఊళ్ళ మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదని 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది, దాని కోసం పెట్టే మజిలీ అది. భారత పాస్‌పోర్ట్ ఉన్న అమ్మానాన్నలకి దానికి కెనడా వీసా కావాలి. ఆ కొద్ది గంటల కోసం వేలిముద్రలు, ఫోటోలు, బ్యాంకు కాగితాలు అంటూ మేం తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. టికెట్ అమ్మేటప్పుడు డ్రింక్స్ ప్యాకేజీ గురించి నాలుగుసార్లు చెప్పినవాళ్ళు దీని గురించి ఒక్కసారీ చెప్పలేదు.

మీ షిప్పు ఏ రోజు ఏ ఊళ్ళో ఆగుతుందో, మీ అమ్మగారికి షుగర్, బీపీ ఉన్నాయో లేదో ఇక్కడే కింద రాయండి. జూనోలో పనిరోజు పడితే, బయలుదేరకముందే అక్కడి క్లినిక్‌లు ఒకటి రెండింటికి ఫోన్ చేసి, ఎమర్జెన్సీ అయితే బయటి ఊరి వాళ్ళని తీసుకుంటారా అని అడిగి పెట్టుకోండి.