స్పిరిట్‌లో వేస్తే జెల్లీచేప ఎందుకు కుంచించుకుపోయింది?

ప్రశ్న: చెన్నై తీరానికి ఫీల్డ్ ట్రిప్ వెళ్లి మా జువాలజీ ల్యాబ్‌కు స్పంజిక, జెల్లీచేప, సీ అనిమోన్ తెచ్చాం. స్పంజికను ఫార్మలిన్‌లో, మిగతా రెండింటినీ స్పిరిట్‌ (ఆల్కహాల్)లో ఉంచాం. జెల్లీచేప కుంచించుకుపోయింది, అనిమోన్ ముద్దయింది, స్పంజికలో కంటకాలు (ఒంటికి ఆధారమిచ్చే సన్నని ముళ్లు) కనిపించడం లేదు. మూడూ సరళమైన జీవులే కదా, ఎందుకిలా?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మూడింటి నిర్మాణం వేరు కాబట్టే మూడూ మూడు రకాలుగా పాడయ్యాయి.

స్పంజికకు నోరు లేదు, నాడులు లేవు, కండరాలు లేవు. ఒంటినిండా ఉన్న సూక్ష్మ రంధ్రాల గుండా నీరు లోపలికొచ్చి ఆస్కులం అనే పెద్ద రంధ్రం గుండా బయటికి పోతుంది. కాలర్ కణాలు కశాభాలు (కొరడాల్లాంటి పోగులు) ఆడిస్తూ ఆ నీటిని నడిపిస్తాయి, అందులోని బాక్టీరియాను పట్టి మింగుతాయి. జీర్ణక్రియ కణాల లోపలే. 1907లో హెచ్.వి. విల్సన్ స్పంజికను సన్నని పట్టుగుడ్డ గుండా పిండితే, విడిపోయిన కణాలు మళ్లీ దగ్గరికి చేరి స్పంజికలుగా పెరిగాయి. ఎంత అద్భుతం!

మీది సున్నపు కంటకాల రకమై ఉంటుంది. ఫార్మలిన్ నిలవుంటే అందులో ఫార్మిక్ ఆమ్లం పుట్టి కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. సిలికా కంటకాలకు ఆ భయం లేదు. ఏ రకమైనా 70 శాతం ఆల్కహాలే మేలు: 95 శాతం ఆల్కహాల్ 70 మిల్లీలీటర్లు తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో 95 మిల్లీలీటర్లకు తేవాలి. స్పంజికలోని నీరు దాన్ని పలచన చేస్తుంది కాబట్టి మర్నాడే మార్చేయండి.

జెల్లీచేప, అనిమోన్ రెండూ నిడేరియా వర్గానివి. నోరు, జీర్ణకుహరం, దంశకణాలు (కుట్టే కణాలు), నాడీవల రెండింటికీ ఉన్నాయి. జెల్లీచేప గొడుగులో చాలా భాగం నీళ్లతో నిండిన మీసోగ్లియా అనే జెల్లీ పొర. స్పిరిట్ ఆ నీటిని లాగేస్తుంది. ఒక పాలు ఫార్మలిన్‌కు తొమ్మిది పాళ్లు సముద్రపు నీరు కలిపి అందులో ఉంచండి.

అనిమోన్‌కే ఓపిక కావాలి. బతికున్నదాన్ని నేరుగా మందులో వేస్తే నాడీవల హెచ్చరిక అందుకుని కండరాలు ముడుచుకుంటాయి, స్పర్శకాలు (నోటి చుట్టూ ఉండే మెత్తని పోగులు) లోపలికి పోతాయి. ముందు సముద్రపు నీళ్లలో కదిలించకుండా ఉంచి విప్పుకోనివ్వండి. తర్వాత మత్తెక్కించడానికి లీటరు మంచినీళ్లలో 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ కలిపి, ఆ ద్రావణాన్ని కొద్దికొద్దిగా, సముద్రపు నీటికి సమానమయ్యే దాకా పోయండి. కొన్ని గంటలయ్యాక సూదితో స్పర్శకాన్ని తాకండి. ముడుచుకుంటే ఇంకా ఆగాలి. చలనం లేకపోతేనే ఫార్మలిన్ కలపండి.

చనిపోయిన జెల్లీచేప దంశకణాలు కూడా కుడతాయి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. ఫార్మలిన్ పని కిటికీలు తెరిచే చేయండి.