అసెంబ్లీలో చర్చి పాటలు: ముందు మెయిల్ పెట్టండి

అక్కా, మీ పాప చదివే పబ్లిక్ స్కూల్లో (అంటే ప్రభుత్వ బడిలో) చర్చి బ్యాండ్‌ని పిలిచి ఆరాధన పాటలు పాడించారు, పిల్లలంతా కూర్చోవాల్సిందే అన్నారు అని రాశారు కదా, అమెరికాలో అది కుదరదండీ. స్కూల్ కాయిర్ క్రిస్మస్‌కి క్యారల్స్ పాడటం వేరు, చదువులో భాగమైతే ఓకే అని సూ ఫాల్స్ అనే ఊరి స్కూళ్ళ మీద వేసిన కేసులో 1980లోనే అప్పీల్ కోర్టు చెప్పింది, దాని జోలికి పోకండి. మీది అలా కాదు, చేతులెత్తించి దేవుణ్ణి స్తుతించమన్నారు. 1992లో లీ వర్సెస్ వైజ్‌మన్ కేసులో గ్రాడ్యుయేషన్‌కి రావడం తప్పనిసరి కాకపోయినా అక్కడ రబ్బీతో (యూదుల మతగురువుతో) ప్రార్థన చేయించడం తప్పే అంది సుప్రీంకోర్టు, మరి మీది కంపల్సరీ అసెంబ్లీ!

ఇప్పుడే లాయరు గోల వద్దు. తేదీ, ఏం పాడారు, టీచర్ ఏమన్నారు అన్నీ పాప చెప్పింది చెప్పినట్టు రాసి ప్రిన్సిపాల్‌కి మెయిల్ కొట్టి స్కూల్ డిస్ట్రిక్ట్ (మీ ఏరియా స్కూళ్ళను నడిపే సంస్థ) పాలసీ కాపీ అడగండి. మావాడి విషయంలో నేను ఫోన్ చేస్తే "చూస్తాం" అని వదిలేశారు, మెయిల్ పెట్టిన రెండో రోజే ఆ పాటలప్పుడు వాణ్ణి లైబ్రరీలో కూర్చోబెడతాం అన్నారు. అదీ సగం పనే, పిల్లాణ్ణి వెలేసినట్టు ఉంటుంది, అందుకే ఆ పాటలే అసెంబ్లీలో వద్దని అడగండి. కదలకపోతే డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్‌కి, తర్వాత మీ స్టేట్ ఏసీఎల్‌యూకి (పౌర హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే సంస్థ) రాయండి, వాళ్ళు ఫీజు తీసుకోరు.