నీ పేరు నువ్వే చెప్పు

ప్రశ్న: మేడమ్, నాకు 17 ఏళ్లు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి నత్తి. మాట మొదట్లోనే పట్టేస్తుంది. నా పేరైతే అసలు రాదు. మొన్న బస్సులో పక్కాయన పేరడిగితే ‘రాజు’ అని చెప్పేశాను. నా పేరు రాజు కాదు. క్లాసులో జవాబు తెలిసినా లేచి చెప్పను. ఇంగ్లీష్ ప్రాక్టికల్స్ తలచుకుంటే నిద్ర పట్టట్లేదు. మాకు ఇనుప సామాన్ల షాపు ఉంది. నాన్న నా కోసం చాలా చేస్తారు. చుట్టాలు నన్నేమన్నా అడిగితే నేను ఇబ్బంది పడకుండా ఆయనే జవాబు చెప్పేస్తారు. కాలేజీ అడ్మిషన్‌కీ, డాక్టర్ దగ్గరికీ, చివరికి సెల్ రిపేరుకీ ఆయనే వచ్చి మాట్లాడతారు. ఇప్పుడు 15 రోజుల్లో గ్యారంటీగా నత్తి పోగొడతామనే కోర్సు ఒకటి చూశారు. 40 వేలు. 5 వేలు అడ్వాన్సు కట్టేశారు. ఆ కోర్సుతో తగ్గుతుందా? తగ్గకపోతే బీటెక్‌లో ఇంటర్వ్యూలు, మాట్లాడే పని లేని బ్రాంచి ఏది? ఇంకో సంగతి. నాన్న కూడా చిన్నప్పుడు ఇట్లనే మాట్లాడేవాడని, అందుకే బడి బంద్ చేసిండని నానమ్మ ఒకసారి అన్నది. నాన్న ఎప్పుడూ చెప్పలేదు. షాపులో బేరాలు కూడా గుమాస్తానే మాట్లాడతాడు.
– పేరు వద్దు, ఉమ్మడి కరీంనగర్ జిల్లా

జవాబు: బాబూ, ముందు నీ రెండు ప్రశ్నల సంగతి తేల్చేద్దాం.

పదిహేను రోజుల్లో గ్యారంటీగా పోయే నత్తి లేదు. ఇలాంటి చోట్ల ఒక్కో అక్షరాన్నీ సాగదీసి, మెల్లగా లాగి మాట్లాడిస్తారు. అలా మాట్లాడితే చాలామందికి నత్తి తగ్గినట్టే ఉంటుంది. చివరి రోజు వీడియో తీస్తారు, ఇంట్లోవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. ఇంటికొచ్చి బస్టాండులో టికెట్ అడిగేసరికి మళ్లీ మొదలు. అదేమని అడిగితే ప్రాక్టీసు సరిగ్గా చెయ్యలేదంటారు. డబ్బు వాళ్లకి, తప్పు నీకు.

రెండోది. మాట్లాడే పని లేని బ్రాంచి లేదు. సివిల్ చదివినవాడు మేస్త్రీలతో మాట్లాడాలి. కంప్యూటర్స్ చదివినవాడు పొద్దున్నే మీటింగులో నిన్న ఏం చేశాడో చెప్పాలి. నాకు కోపం తెప్పించింది కూడా ఈ ప్రశ్నే. ఎంపీసీలో చేరి రెండో ఏడు నడుస్తోంది. నీకు లెక్కలు ఇష్టమా, ఫిజిక్స్ ఇష్టమా, ఏమీ ఇష్టం లేదా అన్నది ఉత్తరమంతా వెతికినా లేదు. నోరు విప్పక్కర్లేని మూల ఎక్కడుందా అని మాత్రం వెతుక్కుంటున్నావు. అలా వెతుక్కుని అందులోనే కూర్చుండిపోయిన మనిషిని చూడటానికి నువ్వు దూరం పోనక్కర్లేదు. మీ షాపులో గల్లాపెట్టె వెనక ఉన్నారు.

నీ ఉత్తరమంతా ఒక ఎత్తు, చివర ‘ఇంకో సంగతి’ అని రాసిన నాలుగు ముక్కలూ ఒక ఎత్తు. నానమ్మ నోరు జారింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ ఇంట్లో నీ ఒక్కడికే ఈ లోపం ఉందనుకుంటూ పెళ్లీడుకి వచ్చేవాడివి.

మీ నాన్నను నేను తప్పు పట్టడం లేదు. ఆయన నీ వయసులో ఉన్నప్పుడు మన బడుల్లో నత్తి ఉన్న పిల్లాణ్ని పాఠం చదవమని నిలబెడితే ఏం జరిగేదో నాకు తెలుసు. పిల్లలు నవ్వేవాళ్లు. కొందరు పంతుళ్లు అనుకరించి మరీ నవ్వించేవాళ్లు. ఇంటికొస్తే వస అరగదీసి నాకించేవాళ్లు, నోట్లో గులకరాళ్లు పెట్టుకుని మాట్లాడమనేవాళ్లు, నాలుక కింద కోయిస్తే పోతుందనేవాళ్లు. స్పీచ్ థెరపీ అనేదొకటి ఉంటుందని చెప్పే మనిషే లేడు. అలాంటి రోజుల్లో ఆ పిల్లాడు బడి మానేసి బతుకుదారి చూసుకున్నాడు, షాపు పెట్టాడు, కొడుకుని ఎంపీసీ చదివిస్తున్నాడు. తక్కువ సంగతేమీ కాదు.

కానీ తనకు తెలిసిన ఒకే ఒక్క దారి నీకూ చూపిస్తున్నారు. అదే, కనబడకుండా ఉండటం. షాపులో ఆయన తరఫున గుమాస్తా మాట్లాడతాడు. ఇంట్లో నీకు ఆయనే గుమాస్తా. ‘ఏ కాలేజీరా’ అని మీ మేనమామ అడిగినప్పుడు నువ్వు మొదటి అక్షరం దగ్గర ఆగుతావు చూడు, ఆ రెండు మూడు సెకన్లు నీకన్నా ఆయనకే ఎక్కువ బరువు. ఆయన గబుక్కున అందుకోవడం వల్ల ఆ క్షణానికి నీకు హాయిగానే ఉంటుంది. అందుకే ‘నాన్న నా కోసం చాలా చేస్తారు’ అని రాశావు. పదిహేడేళ్ల కుర్రాడు తన సెల్ రిపేరుకి నాన్నను వెంటబెట్టుకు వెళ్లి దాన్ని ప్రేమ అనుకోవడం నాకు మింగుడు పడలేదు. ప్రేమే, కాదనను. కానీ ఆయన అందుకున్న ప్రతిసారీ నీకు అర్థమయ్యేది ఒక్కటే, నీ మాట ఎవరూ వినకూడనిదని.

నత్తి ఎందుకొస్తుందో కూడా చెప్తాను, మీ ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. అది నాలుకలో లేదు. భయం వల్ల పుట్టదు. మాటను సిద్ధం చేసి నోటికి అందించే పనిలో మెదడులో ఉండే తేడా అది. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య మొదలవుతుంది. చాలామంది పిల్లలకు దానంతటదే పోతుంది, కొందరికి ఉండిపోతుంది. పెద్దవాళ్లలో సుమారు నూటికి ఒకరికి ఉంటుంది, ఆడవాళ్ల కంటే మగవాళ్లలో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. వంశంలో దిగడం కూడా మామూలే. 2010లో అమెరికా పరిశోధకులు పాకిస్తాన్‌కి చెందిన కుటుంబాలను పరిశీలించి, నత్తితో సంబంధమున్న మార్పులు కొన్ని జన్యువుల్లో ఉన్నాయని ప్రకటించారు. కాబట్టి ఇందులో నీ తప్పు లేదు, మీ నాన్న తప్పు లేదు, మీ అమ్మ కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిన తప్పు అంతకన్నా లేదు.

భయం నత్తిని పుట్టించదు గానీ పెంచుతుంది. అందరితో కలిసి జనగణమన పాడేటప్పుడు నీకు పట్టేస్తుందా? గదిలో ఒక్కడివే మాట్లాడుకుంటే? పట్టేయదనే నా నమ్మకం. ఇక పేరు దగ్గరే ఎందుకంటావా, మిగతా మాటలకైతే ఇంకోటి వేసుకోవచ్చు. ‘మంచినీళ్లు’ రాకపోతే ‘వాటర్’ అనేసి గట్టెక్కుతావు. పేరుకి బదులు మాట ఉండదు. నువ్వు దానికి కూడా ఒకటి కనిపెట్టుకున్నావు. తడబడుతూ అసలు పేరు చెప్పి ఉంటే ఆ పక్కాయన తన స్టేజీలో దిగి మర్చిపోయేవాడు. రాజు అని చెప్పినందుకు నువ్వు ఇంకా మర్చిపోలేదు, నాకు ఉత్తరం కూడా రాశావు.

ఇక్కడ నీకో మనిషి గురించి చెప్పాలి. చార్లెస్ వాన్ రైపర్, అమెరికావాడు, 1905లో పుట్టాడు. ఆయనకి గట్టి నత్తి. కుర్రతనంలో మాట్లాడే అవసరం రాకుండా చెవిటి మూగవాడిలా నటించి ఒక పొలంలో పనికి కుదిరాడు. పేరు మార్చి చెప్పిన నీకన్నా నాలుగాకులు ఎక్కువే చదివాడన్నమాట. ఆ తర్వాత మిషిగన్‌లో మాట ఇబ్బందులు ఉన్నవాళ్ల కోసం క్లినిక్ పెట్టి, నత్తి చికిత్సకే పెద్ద దిక్కయ్యాడు. ఆయన పద్ధతి వింటే మీ నాన్న హడలిపోతారు. నత్తి రాకుండా చూసుకోవడానికి పెనుగులాడటం మానెయ్యి, ముఖం వంకరపోకుండా, కళ్లు దించుకోకుండా, తేలిగ్గా నత్తిగా మాట్లాడటం నేర్చుకో అన్నాడు. దాచడానికి పడే పాట్లే అసలు నత్తి కన్నా ఎక్కువ బాధ పెడతాయన్నది ఆయన అనుభవం. నేడు మంచి థెరపిస్టులు నేర్పేదాంట్లో ఇది పెద్ద భాగం. కావాలని నత్తిగా మాట్లాడించడం కూడా అందులో ఉంటుంది. నీకు సులువుగా వచ్చే మాటే తీసుకుని, జిరాక్స్ షాపులోనో టిఫిన్ సెంటర్లోనో, ఎదుటివాడి ముఖం చూస్తూ కావాలనే మొదటి అక్షరం రెండుసార్లు అను. ‘ఇ, ఇడ్లీ.’ ఏమవుతుంది? ఇడ్లీ ఇస్తాడు. మహా అయితే నవ్వుతాడు. నవ్వినా ఇడ్లీ ఇస్తాడు.

బైడెన్, హృతిక్ రోషన్‌ల కథలు నువ్వు వాట్సాప్‌లో చదివే ఉంటావు. వాళ్లు నత్తిని ‘జయించారు’ అని రాస్తారు. బైడెన్ అధ్యక్షుడయ్యాక కూడా అప్పుడప్పుడు మాట తట్టుకునేది, అది మాత్రం రాయరు. నీకు పూర్తిగా పోతుందని నేను మాటివ్వను. బాగా తేలికపడే అవకాశం ఉంది. కొంచెం మిగిలినా నీ పేరు నువ్వు చెప్పుకుని, నీకు నచ్చిన బ్రాంచి చదువుకుని, ఇంటర్వ్యూలో కూర్చోవచ్చు.

నేర్పే మనిషి ఉంటే త్వరగా దారిలో పడతావు. బీఏఎస్ఎల్‌పీ, అంటే మాట, వినికిడి సమస్యల చికిత్స నేర్పే డిగ్రీ చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన వాళ్ల దగ్గరికే వెళ్లు. రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, నీళ్లు నమిలితే లేచి వచ్చెయ్యి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి సమస్యల కోసం పెట్టిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. మైసూరులో ఇంకా పెద్దది, అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. నత్తి ఉన్నవాళ్లే కలిసి పెట్టుకున్న ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ కూడా ఉంది, టీసా అంటారు. అక్కడ అందరూ నీలాగే మాట్లాడతారు. ఒకరి వాక్యం ఇంకొకరు అందుకోరు. ఒక్కసారి వెళ్లి వింటే నీకే తెలుస్తుంది.

ప్రాక్టికల్స్ సంగతి సులువు. ముందే మీ ఇంగ్లీష్ లెక్చరర్ దగ్గరికి వెళ్లి, ‘సార్, నాకు నత్తి ఉంది, కొంచెం టైం పడుతుంది’ అని చెప్పు. పరీక్ష రోజు ఎగ్జామినర్‌కి కూడా మొదటి మాటగా అదే చెప్పు. చెప్పేశాక దాచే పని ఉండదు, సగం బరువు అక్కడే దిగిపోతుంది. నాన్నను పంపకు.

నాన్నతో మాట్లాడటమే అన్నిటికన్నా కష్టం, అది నువ్వే చెయ్యాలి. ఇంట్లో, అందరి ముందు వద్దు. షాపు షట్టర్ దించాక బండి మీద ఇంటికొస్తారుగా, వెనక కూర్చుని అడుగు. ఒకరి ముఖం ఒకరికి కనబడదు, ఇద్దరికీ సులువు. ‘నాన్నా, నీకు గూడ చిన్నప్పుడు ఇట్లనే వస్తుండెనా?’ అంతే అడుగు. నానమ్మ పేరు ఎత్తకు, పాపం ఆమెకి చీవాట్లు పడతాయి. ఆయన కసురుకోవచ్చు. ఏమీ అనకుండా బండి నడపొచ్చు. నాలుగు రోజులు పట్టనీ. తర్వాత రెండో మాట, ‘చుట్టాలొచ్చినప్పుడు నన్నే చెప్పనీ, ఆలస్యమైనా సరే.’ తండ్రికి ఎదురు చెప్పే పిల్లల్ని వెనకేసుకొచ్చే మనిషిని కాను నేను. ఇది ఎదురు చెప్పడం కిందికి రాదు. నీ నోరు నీకిమ్మని అడగడం.

ఈ జవాబు కాగితం మీద రాసి ఆయన కంటపడేలా గల్లాపెట్టెలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. ఎందుకంటే ఆయనకూ ఒక మాట చెప్పాలి. తమ్ముడూ, పిల్లాడు ఆగినప్పుడు మీరు చెయ్యాల్సింది ఊరుకోవడం. కళ్లు తిప్పుకోకుండా, ‘నిదానంగా చెప్పు’, ‘ఊపిరి పీల్చుకో’ అనకుండా, వాడి మాట వాడు పూర్తిచేసేదాకా ఆగడం. మీకది ఎంత కష్టమో వాడికి తెలియకపోయినా నాకు తెలుసు. వీలైతే ఒక రోజు గుమాస్తాను టీకి పంపి, ఒక్క గిరాకీతో బేరం మీరే మాట్లాడండి, వాడు పక్కన ఉండగా. సిమెంటు రేకుల రేటు చెప్పడానికి మీకు నిమిషం పడితే పట్టనివ్వండి.

ఇక ఆ అడ్వాన్సు 5 వేలు. కోర్సు వద్దని చెప్పి వెనక్కి అడగండి, రసీదు ఉంటే దగ్గర పెట్టుకోండి. బాబూ, ఫోన్ చేసేది నువ్వే. నాన్న పక్కన కూర్చోవచ్చు, సెల్ మాత్రం ఆయన చేతికివ్వకు. డబ్బు వెనక్కి ఇచ్చేది లేదని వాళ్లంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యొచ్చు. ఆ ఫోనూ నీదే.