అమెరికాలో నల్లజాతీయులకు ఓటు నిజంగా దక్కింది ఉద్యమం వల్లా, చట్టం వల్లా?

రెండూ కావాల్సి వచ్చాయి. కాగితం మీద హక్కు 1870లోనే, 15వ రాజ్యాంగ సవరణతో వచ్చేసింది. అడ్డంతా ఆఫీసు గుమ్మం దగ్గరే. అలబామాలోని సెల్మాలో ఓటరు నమోదు నెలకు రెండు సోమవారాలే. గంటల తరబడి క్యూలో నిలబడి లోపలికి వెళ్తే రాజ్యాంగంలో ఫలానా భాగానికి అర్థం చెప్పమనేవారు. పాసా ఫెయిలా అన్నది తెల్లజాతి అధికారి ఇష్టం. పాఠాలు చెప్పే టీచర్లు కూడా ఫెయిలయ్యేవారు, అదీ సంగతి!

1965 మార్చి 7న అక్కడి వంతెన దగ్గర ఓటు హక్కు కోసం ఊరేగింపుగా వెళ్తున్న ఉద్యమ నాయకుడు జాన్ లూయిస్ తదితరులను పోలీసులు చితకబాదడం దేశమంతా టీవీల్లో చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. నా దృష్టిలో దాని అసలు పదును 5వ సెక్షన్‌లో ఉంది: వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు, కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ఫెడరల్ ప్రభుత్వం దగ్గరో, వాషింగ్టన్ కోర్టులోనో ముందే అనుమతి తీసుకోవాలి. మిసిసిపీలో 7 శాతం కూడా లేని నల్లజాతి ఓటర్ల నమోదు రెండు మూడేళ్లలో సగం దాటింది. ఓట్ల వెనకే నల్లజాతి మేయర్లు, షెరిఫ్‌లు (కౌంటీ పోలీసు అధిపతులు) వచ్చారు. 1987లో లూయిసే అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడయ్యారు.

2013లో సుప్రీంకోర్టు ఆ ప్రాంతాలను ఎంచే సూత్రాన్ని కొట్టేయడంతో 5వ సెక్షన్ ఉన్నా లేనట్టే అయింది. ఇప్పుడు ఎన్నికల నిబంధన ఏదైనా మారిపోయాక, బాధితులే కోర్టుకెక్కి వివక్షను నిరూపించుకోవాలి.